సర్వర్ ప్రాసెసర్ల పనితీరును ఎలా పోల్చాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటెల్ జియాన్, ఏఎండీ ఎపిక్, క్లౌడ్‌లో దొరికే ఆర్మ్ చిప్‌లు, ఐబీఎం పవర్. వీటిలో మన పనికి ఏది సరిపోతుందో తేల్చాల్సిన సిస్టమ్ అడ్మిన్లు, డెవలపర్లు, కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టే మేనేజర్లు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. జవాబులన్నిటి వెనకా ఒకే నమ్మకం ఉంది. మన పని ఎంత సమయంలో, ఎంత ఖర్చుతో పూర్తవుతోంది అన్నదే అసలు కొలత. మిగతా అంకెలన్నీ ఆ కొలతకు దగ్గరగా తీసుకెళ్ళినంత వరకే పనికొస్తాయి.

గిగాహెర్ట్జ్ ఎక్కువ ఉన్న ప్రాసెసర్ వేగంగా ఉన్నట్టేనా?

కాదు. ఒకే కంపెనీ చిప్‌ల మధ్య కూడా ఈ లెక్క నిలబడదు. 2004లో పెంటియమ్ 4 గడియార వేగం 3.8 గిగాహెర్ట్జ్‌కి చేరింది. రెండేళ్ళ తర్వాత వచ్చిన కోర్ 2 డ్యుయో అంతకంటే చాలా తక్కువ వేగంతో నడుస్తూ దాన్ని సులువుగా దాటేసింది. ఒక్కో గడియార చక్రంలో కోర్ ఎంత పని ముగిస్తుందన్నది అక్కడ తేడా తెచ్చింది.

ఆర్కిటెక్చర్, అంటే ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాల (ఇన్‌స్ట్రక్షన్ల) భాష, మారితే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఎక్స్86లో ఒక ఇన్‌స్ట్రక్షన్ చేసే పనికి ఆర్మ్‌లో రెండు పట్టొచ్చు, ఒక్కోసారి అటుది ఇటు కావచ్చు. అందుకే సెకనుకు ఎన్ని మిలియన్ ఇన్‌స్ట్రక్షన్లు అన్న పాత మిప్స్ లెక్కతో రెండు ఆర్కిటెక్చర్లను పోల్చకూడదు. ఒకే సోర్స్ కోడ్, ఒకే డేటా రెండు మెషీన్లకూ ఇచ్చి, పని అయ్యాక గడియారం చూడటమే సరైన పద్ధతి.

అసలు ఏయే ఆర్కిటెక్చర్లు పోటీలో ఉన్నాయి?

సర్వర్ గదుల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది ఎక్స్86. 64 బిట్ ఎక్స్86ని 2003లో ఆప్టెరాన్‌తో మార్కెట్‌లోకి తెచ్చింది ఏఎండీ. అప్పటికి ఇంటెల్ ఐటేనియం అనే వేరే దారిలో నడుస్తోంది. 2001లో మొదలైన ఐటేనియం కష్టమైన పనిని కంపైలర్ (సోర్స్ కోడ్‌ని చిప్ ఆదేశాలుగా మార్చే ప్రోగ్రామ్) మీద పెట్టింది, కంపైలర్లు ఆ బరువు మోయలేకపోయాయి, 2021లో సరఫరా ఆగిపోయింది. కాగితం మీద గొప్పగా ఉన్న చిప్ నిజమైన సాఫ్ట్‌వేర్‌తో ఎందుకు తేలిపోతుందో తెలుసుకోవాలంటే ఐటేనియం చరిత్ర చదవాలి.

ఆర్మ్ వైపు అమెజాన్ గ్రావిటాన్ 2018లో వచ్చింది. గ్రావిటాన్2లో 64 కోర్లుంటే గ్రావిటాన్4లో 96 ఉన్నాయి. ఆంపియర్ ఆల్ట్రా, మైక్రోసాఫ్ట్ కోబాల్ట్, గూగుల్ యాక్సియన్ కూడా ఈ దారిలోవే. బ్యాంకుల్లో, పెద్ద డేటాబేస్‌ల దగ్గర ఐబీఎం పవర్, ఐబీఎం జడ్ మెయిన్‌ఫ్రేమ్‌లు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

ఆర్మ్ మంచిదా, ఎక్స్86 మంచిదా?

ప్రశ్న ఇలా అడిగితే జవాబు దొరకదు. ఇన్‌స్ట్రక్షన్ సెట్ కంటే దాని కింద ఉన్న కోర్ డిజైన్, క్యాష్ (చిప్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) పరిమాణం, మెమరీ చానెళ్ళు (చిప్‌కీ మెమరీకీ మధ్య దారులు), చిప్‌ని ఏ నానోమీటర్ ప్రాసెస్‌లో తయారు చేశారన్నవే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. రెండు ఎక్స్86 చిప్‌ల మధ్య తేడా చాలాసార్లు ఒక ఆర్మ్‌కి, ఒక ఎక్స్86కి మధ్య తేడా కంటే పెద్దగా ఉంటుంది. ఇంటెల్‌లోనే చూడండి. 2024లో వచ్చిన జియాన్ 6లో 144 చిన్న కోర్ల చిప్ ఉంది, 128 పెద్ద కోర్ల చిప్ కూడా ఉంది. పేరు ఒకటే, స్వభావాలు వేరు. కాబట్టి ఫలానా మోడల్, ఫలానా పని అని పేర్లు పెట్టి అడగండి.

క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న రెండు ఇన్‌స్టాన్సులకీ (వర్చువల్ మెషీన్లకీ) 8 వీసీపీయూలే (వర్చువల్ సీపీయూలే) ఉన్నాయి. రెండూ సమానమేగా?

ఎక్కువమంది మోసపోయే చోటు ఇదే. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

చాలా ఎక్స్86 ఇన్‌స్టాన్సుల్లో ఒక వీసీపీయూ అంటే ఒక హార్డ్‌వేర్ థ్రెడ్, అంటే ఒక కోర్ ఒకేసారి నడపగల పని వరుసల్లో ఒకటి. ఒక్కో కోర్ మీద రెండు థ్రెడ్లు నడుస్తాయి కాబట్టి 8 వీసీపీయూలంటే మీకు దక్కేది నాలుగు కోర్లు. గ్రావిటాన్‌లో ఒక వీసీపీయూ అంటే ఒక పూర్తి కోర్, అక్కడ 8 అంటే ఎనిమిదే. అలాగని ఎక్స్86 అంతా ఒకలాగే ఉందనుకోకండి. అమెజాన్ ఎం7ఏ, గూగుల్ టీ2డీ రెండూ ఏఎండీ ఎక్స్86 చిప్‌లే అయినా వాటిలో వీసీపీయూ అంటే పూర్తి కోరే. పవర్ ప్రాసెసర్లలో ఒక కోర్ మీద ఎనిమిది థ్రెడ్ల దాకా నడపొచ్చు. ఇన్ని రకాల థ్రెడ్లను ఒకే పేరుతో లెక్కపెట్టి పక్కపక్కన టేబుల్‌లో వేస్తే ఆ టేబుల్‌కి అర్థం ఉండదు.

ఒక కోర్ మీద రెండు థ్రెడ్లంటే ఒకే పొయ్యి మీద ఇద్దరు వంట చేయడం లాంటిది. ఒకరు కూరగాయలు తరిగేంతసేపు రెండోవారు పొయ్యి వాడుకుంటారు. ఇద్దరికీ ఒకేసారి మంట కావాలంటే ఒకరు ఆగాల్సిందే. మెమరీ నుంచి డేటా కోసం ఎదురుచూపులు ఎక్కువగా ఉండే డేటాబేస్ పనుల్లో రెండో థ్రెడ్ వల్ల మంచి లాభం ఉంటుంది. లెక్కల యూనిట్లను పూర్తిగా వాడేసే పనుల్లో లాభం దాదాపు ఉండదు. మామూలుగా 20 నుంచి 30 శాతం అదనం అనుకుంటారు కానీ మీ పనికి ఎంతో మీరే కొలుచుకోవాలి.

దీని నుంచే ఇంకో చిక్కు వస్తుంది. 8 కోర్లు, 16 థ్రెడ్లున్న మెషీన్‌లో సీపీయూ వాడకం 50 శాతం అని కనిపిస్తే సగం శక్తి మిగిలిందనుకుంటాం. లినక్స్ పనిని ముందు ఒక్కో కోర్‌కి ఒక్కో థ్రెడ్ చొప్పున పంచుతుంది కాబట్టి 50 శాతం దగ్గరే అన్ని కోర్లూ పనిలో పడి ఉండొచ్చు. రెండో థ్రెడ్ వల్ల వచ్చే అదనం 25 శాతమే అనుకుంటే, మొత్తం సామర్థ్యంలో 80 శాతం అప్పటికే వాడేశారన్నమాట. థ్రెడ్లు పంచుకోని ఆర్మ్ మెషీన్‌లో 50 శాతం అంటే దాదాపు సగమే. అందుకే ఈ రెండు మెషీన్లలో ఒకే వాడకం శాతం కనిపించినా అర్థం ఒకటి కాదు. మీ మెషీన్‌లో కోర్‌కి ఎన్ని థ్రెడ్లో లినక్స్‌లో ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ కొడితే కనిపిస్తుంది. పోలిక మొదలుపెట్టే ముందు చేయాల్సిన మొదటి పని అదే.

స్పెక్ స్కోర్లను నమ్మొచ్చా?

నమ్మొచ్చు, చదవడం తెలిస్తే. బెంచ్‌మార్కులు (పనితీరు కొలిచే ప్రామాణిక పరీక్షలు) తయారుచేసే స్పెక్ సంస్థ 1988లో మొదలైంది. ఇప్పటి ఫలితాల్లో ఎక్కువగా కనిపించేది 2017లో విడుదలైన స్పెక్ సీపీయూ 2017. ఇందులో 43 ప్రోగ్రాములు నాలుగు గుంపులుగా ఉంటాయి. వాటిలో కంపైలర్, చదరంగం ఆట, వీడియో ఎన్‌కోడింగ్, వాతావరణ మోడల్ లాంటి నిజమైన పనుల నుంచి తీసుకున్న కోడ్ ఉంటుంది. సోర్స్ కోడ్ రూపంలో ఇస్తారు కాబట్టి ఏ ఆర్కిటెక్చర్ మీదైనా కంపైల్ చేసి నడపొచ్చు. ఆర్కిటెక్చర్లు దాటి పోల్చడానికి ఇది బాగా పనికొచ్చేది అందుకే.

ముందుగా చూడాల్సింది స్కోర్ రేట్‌దా, స్పీడ్‌దా అన్నది. రేట్ అంటే ఒకే ప్రోగ్రామ్ కాపీలు చాలా ఒకేసారి నడిపి మొత్తం ఎంత పని అయిందో చూడటం. స్పీడ్ అంటే ఒక పని ఎంత త్వరగా అయిందో చూడటం. వెబ్ సర్వర్లకి, వర్చువల్ మెషీన్లు నడిపే హోస్ట్‌కి రేట్ దగ్గరగా ఉంటుంది. రెండోది బేస్, పీక్ తేడా. బేస్‌లో ఒక భాషలో రాసిన ప్రోగ్రాములన్నిటికీ ఒకే కంపైలర్ ఆప్షన్లు వాడాలి. పీక్‌లో ఒక్కోదానికి విడిగా సానపెట్టొచ్చు. మన ఆఫీసుల్లో ఎవరూ అంత సానపెట్టరు, బేస్ చూడండి. మొత్తం స్కోర్‌ని కోర్ల సంఖ్యతో భాగించి చూస్తే ఒక్కో కోర్ సత్తా తెలుస్తుంది.

స్కోర్ కింద కంపైలర్ పేరు కూడా చదవండి. 2024లో స్పెక్ సంస్థ 2,600కు పైగా ఇంటెల్ జియాన్ ఫలితాలు చెల్లవని ప్రకటించింది. కారణం, ఇంటెల్ కంపైలర్‌లోని ఒక ఆప్టిమైజేషన్ బెంచ్‌మార్క్‌లోని ఒక ప్రోగ్రామ్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినట్టుగా ఉండటం. దాని వల్ల బయటి మామూలు ప్రోగ్రాములకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. పోలికలో నిజాయితీ ఎంత ముఖ్యమో ఆ నిర్ణయం చూపించింది. ఆ సంస్థ మీద నాకు గౌరవం పెరిగింది. అలాగే స్కోర్ పక్కన అంచనా అని రాసి ఉంటే, అది స్పెక్ పరిశీలనకు వెళ్ళని అంకె.

మొత్తం స్కోర్ ఈ ప్రోగ్రాముల స్కోర్ల గుణమధ్యమం (జియోమెట్రిక్ మీన్), అంటే ఒక రకం సగటు. మీ పని కంపైలేషన్ అయితే సగటుని వదిలేసి అందులోని జీసీసీ అనే కంపైలర్ ప్రోగ్రామ్ అంకె ఒక్కటే చూడండి.

గీక్‌బెంచ్, పాస్‌మార్క్ లాంటి తేలిక బెంచ్‌మార్కులు చాలవా?

ల్యాప్‌టాప్ కొనడానికి చాలు. సర్వర్‌కి చాలవు. వాటి పనులు చిన్నవి, కాసేపట్లో అయిపోతాయి. 100 కోర్లు గంటల తరబడి పూర్తి లోడ్ మీద ఉన్నప్పుడు చిప్ వేడెక్కి వేగం ఎంత తగ్గుతుందో, మెమరీ బ్యాండ్‌విడ్త్ ఎక్కడ చాలకుండా పోతుందో అవి చూపించవు.

పవర్, మెయిన్‌ఫ్రేమ్‌లని ఎక్స్86తో ఎలా పోల్చాలి?

పవర్‌తో పోలిక కుదురుతుంది. స్పెక్ ఫలితాలు దొరుకుతాయి. శాప్ అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ వాడే కంపెనీలకి శాప్స్ అనే కొలత ఇంకా మేలు. గంటకు 2,000 ఆర్డర్ లైన్ ఐటెమ్‌లను పూర్తిగా ప్రాసెస్ చేయగలిగితే 100 శాప్స్ అంటారు. వ్యాపారం పనిని నేరుగా కొలుస్తుంది కాబట్టి కింద ఏ ఆర్కిటెక్చర్ ఉన్నా అర్థం మారదు.

మెయిన్‌ఫ్రేమ్ సంగతి వేరు. ఐబీఎం జడ్ మెషీన్లను వాటిలో వాటినే పోల్చడానికి ఎల్ఎస్‌పీఆర్ అనే పట్టికలను ఐబీఎం ఇస్తుంది. ఎక్స్86తో నేరుగా సరిపోల్చే అంకె కోసం వెతకడం వృథా. నమ్మకంగా, ఆగకుండా నడవడం, ఇన్‌పుట్ అవుట్‌పుట్ సామర్థ్యం అక్కడ ప్రధానం. ఎవరైనా ఒక మిప్స్‌కి ఇన్ని ఎక్స్86 కోర్లు అని సూత్రం చెప్తే, అది ఏ పని మీద కొలిచారో అడగండి.

మేమే టెస్ట్ చేసుకోవాలంటే ఏం చేయాలి?

మీ అప్లికేషన్‌నే నడపండి, మీ డేటాతో. అది కుదరకపోతే దానికి దగ్గరగా ఉన్నది తీసుకోండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడితే పీజీబెంచ్, వీడియో పనైతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఎన్‌కోడింగ్, హెచ్‌టీటీపీఎస్ భారం ఎక్కువైతే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ స్పీడ్.

రెండు వైపులా ఒకే లినక్స్ వెర్షన్, ఒకే కర్నెల్, ఒకే కంపైలర్ వెర్షన్ ఉండాలి. ఒకవైపు పాత జావా, ఇంకోవైపు కొత్త జావా పెట్టి చిప్‌ల గురించి తీర్పు ఇవ్వడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. లోడ్ పుట్టించే ప్రోగ్రామ్ వేరే మెషీన్ మీద ఉండాలి, లేకపోతే అది కూడా కోర్లు తినేస్తుంది. జావా లాంటివి మొదటి కొన్ని నిమిషాలు నెమ్మదిగా ఉండి తర్వాత పుంజుకుంటాయి కాబట్టి ఆ భాగం అంకెల్ని వదిలేయండి.

లోడ్ టూల్ జవాబు వచ్చేదాకా ఆగి మరీ తర్వాతి రిక్వెస్ట్ పంపే రకమా, లేక నిర్ణీత వేగంతో పంపుతూ పోయేదా అన్నది తప్పకుండా చూడండి. మొదటి రకంలో సర్వర్ తడబడిన క్షణంలో టూల్ కూడా ఆగిపోతుంది. ఆ ఆలస్యం లెక్కలోకి సరిగ్గా రాక సర్వర్ బాగున్నట్టు కనిపిస్తుంది. నిజమైన కస్టమర్లు అలా ఆగరు. రెండో రకం టూల్ వాడి, లోడ్‌ని మెట్టుమెట్టుగా పెంచుతూ, నూటికి తొంభైతొమ్మిది రిక్వెస్టులు మీరు పెట్టుకున్న గడువులోపల పూర్తవుతున్నంత వరకు వెళ్ళండి. ఆ గీత దాటే చోటే ఆ మెషీన్ అసలు సామర్థ్యం.

క్లౌడ్‌లో ఒకే రకం ఇన్‌స్టాన్స్‌ని కొన్నిసార్లు వేర్వేరుగా తెరిచి, వేర్వేరు సమయాల్లో నడపాలి. పక్కింటి వర్చువల్ మెషీన్ల గోల వల్ల ఫలితాలు ఊగుతాయి. లినక్స్ టాప్ కమాండ్‌లో స్టీల్ అనే అంకె (పక్కవాళ్ళ వల్ల మీ మెషీన్‌కి దక్కకుండా పోయిన సీపీయూ సమయం) సున్నాకి దగ్గరగా ఉందో లేదో చూడండి. క్రెడిట్లు కూడబెట్టుకుని నడిచే బర్స్టబుల్ రకాల మీద బెంచ్‌మార్క్ చేయకండి. మొదట ఉరుకుతాయి, క్రెడిట్లు అయిపోయాక చతికిలబడతాయి.

చివరికి ధరతో భాగించండి. ఉదాహరణకి ఒకటి గంటకు 20 రూపాయలకి సెకనుకు 4,000 రిక్వెస్టులు, ఇంకొకటి 16 రూపాయలకి 3,600 ఇచ్చాయనుకుందాం. గంట అద్దెలో ఒక్కో రూపాయికి మొదటిది 200, రెండోది 225. నెమ్మదైనదే ఇక్కడ చవక. ధర మీరు వాడబోయే రీజియన్‌దే (క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్లున్న ప్రాంతానిదే) తీసుకోవాలి. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో మొదలైంది. అక్కడ, ముంబైలో, అమెరికాలో దొరికే ఇన్‌స్టాన్స్ రకాలూ, ధరలూ ఒకటి కావు.

సొంత డేటా సెంటర్‌లో కొన్న సర్వర్‌కి స్కోర్ తక్కువ వస్తోంది. చిప్ లోపమా?

చాలాసార్లు మెమరీ స్లాట్లలో ఉంటుంది కారణం. ఎపిక్ 9004 వరుసలో సాకెట్‌కి (ఒక్కో ప్రాసెసర్‌కి) 12 మెమరీ చానెళ్ళున్నాయి. ఖర్చు తగ్గించాలని నాలుగు పెద్ద డిమ్‌లు (మెమరీ కార్డులు) మాత్రమే పెడితే బ్యాండ్‌విడ్త్ మూడో వంతుకి పడిపోతుంది. మొత్తం జీబీలు సరిపోయినా కోర్లు ఆకలితో ఎదురుచూస్తుంటాయి. కొటేషన్ అడిగేటప్పుడే అన్ని చానెళ్ళూ నిండాలని రాయించండి. తర్వాత బయోస్‌లో పవర్ ప్రొఫైల్, రెండు సాకెట్లుంటే న్యూమా అమరిక (ఏ మెమరీ ఏ సాకెట్‌కి దగ్గరన్న లెక్క) చూడండి. ఒక సాకెట్‌లోని ప్రాసెస్ అవతలి సాకెట్ మెమరీని తడుముకుంటే వేగం స్పష్టంగా పడిపోతుంది.

మా సాఫ్ట్‌వేర్ ఆర్మ్ మీద నెమ్మదిగా నడుస్తోంది. ఎందుకు?

ముందు అది నిజంగా ఆర్మ్ మీదే నడుస్తోందా చూడండి. ఎక్స్86 కోసం కట్టిన డాకర్ ఇమేజ్ క్యూఈఎంయూ ఎమ్యులేషన్‌లో (ఎక్స్86 చిప్‌ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరిస్తూ) నడుస్తుంటే ఆ ఫలితాన్ని ఆర్మ్ ఖాతాలో వేయడం అన్యాయం.

తర్వాత లాక్‌ల సంగతి, అంటే ఒకే డేటాని చాలా థ్రెడ్లు ఒకేసారి మార్చకుండా పెట్టే తాళాలు. ఆర్మ్ 8.1తో ఈ తాళాలకు వాడే అటామిక్ (మధ్యలో ఎవరూ అడ్డుపడలేని) పనులకి కొత్త ఇన్‌స్ట్రక్షన్లు వచ్చాయి. పాత పద్ధతిలో కంపైలైన కోడ్, కోర్లు ఎక్కువయ్యే కొద్దీ లాక్‌ల దగ్గర ఇరుక్కుంటుంది. జీసీసీ 10 నుంచి మెషీన్‌ని బట్టి కొత్తవాటిని వాడుకునే ఏర్పాటు మామూలుగానే ఉంది. కాబట్టి కొత్త కంపైలర్‌తో మళ్ళీ బిల్డ్ చేస్తే చాలాసార్లు సమస్య పోతుంది. లైబ్రరీలో ఏవీఎక్స్ (ఎక్స్86లో ఒకేసారి చాలా లెక్కలు చేసే ఇన్‌స్ట్రక్షన్లు) కోసం చేత్తో రాసిన కోడ్ ఉండి, ఆర్మ్‌కి మామూలు సీ కోడ్ మాత్రమే ఉంటే అక్కడా వెనకబడుతుంది. జావా 8 కంటే 17 ఆర్మ్ మీద ఎంతో మెరుగు.

వేగంతో సంబంధం లేని హెచ్చరిక ఒకటి. ఎక్స్86లో మెమరీ రాతల క్రమం కట్టుదిట్టంగా ఉంటుంది, ఆర్మ్‌లో వదులుగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎక్స్86 మీద దాక్కున్న మల్టీథ్రెడింగ్ బగ్ ఆర్మ్ మీద మొదటి వారంలోనే బయటపడొచ్చు. తప్పు కోడ్‌ది, చిప్‌ది కాదు. వేగం చూసేముందు ఫలితం సరిగ్గా వస్తోందో లేదో టెస్టులు నడపండి.

సెక్యూరిటీ ప్యాచ్‌ల ప్రభావం ఎంత?

2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాలు బయటపడ్డాక వచ్చిన రక్షణల భారం చిప్‌ని బట్టి, పనిని బట్టి మారుతుంది. కర్నెల్‌లోకి తరచూ వెళ్ళొచ్చే పనులకి దెబ్బ ఎక్కువ. రెండు మెషీన్లలోనూ ప్రొడక్షన్‌లో ఉండే రక్షణలన్నీ ఆన్ చేసే కొలవండి.

తక్కువ కోర్లున్న చిప్ ఎందుకు కొంటారు?

లైసెన్స్ ఖర్చు వల్ల. ఒరాకిల్ డేటాబేస్ లెక్కలో ఎక్స్86 కోర్‌కి 0.5, పవర్ కోర్‌కి 1.0 గుణకం ఉంటుంది. పవర్ కోర్ ఎక్స్86 కోర్‌కి రెట్టింపు పని చేస్తేనే లైసెన్స్ పరంగా సమానం. ఇలాంటి చోట చిప్ ధర చిన్నది, సాఫ్ట్‌వేర్ బిల్లు కొండంత. కోర్ల సంఖ్య తగ్గించి గడియార వేగం, క్యాష్ పెంచిన చిప్‌లు, ఏఎండీలో చివర ఎఫ్ అక్షరం ఉన్నవి, దీనికోసమే అమ్ముతారు.

టీడీపీ (చిప్ వేడికి కంపెనీ రాసిచ్చే వాట్ల అంకె) చూసి కరెంటు ఖర్చు లెక్కేయొచ్చా?

కూలింగ్ ఏర్పాటుకి అది పనికొస్తుంది, పోలికకి కాదు. 192 కోర్ల ఎపిక్ 9965, 128 కోర్ల జియాన్ 6980పీ రెండింటికీ 500 వాట్లే రాసి ఉంటుంది. గోడ దగ్గర మీటర్ పెట్టి, సగం లోడ్‌లో, ఖాళీగా ఉన్నప్పుడు కూడా కొలవండి. సర్వర్లు చాలావరకు సగం లోడ్‌లోనే బతుకుతాయి.

రిస్క్-ఫైవ్ సర్వర్లు తీసుకోవచ్చా?

ప్రొడక్షన్‌కి ఇప్పుడే వద్దు. ఐఐటీ మద్రాస్ శక్తి, సీ-డాక్ వేగా లాంటి మన దేశపు ప్రాసెసర్లు ఈ ఆర్కిటెక్చర్ మీదే వచ్చాయి. అందుకు ఎంతో సంతోషంగా ఉంది. అవి ఎక్కువగా ఎంబెడెడ్ పనులకి ఉద్దేశించినవి. నేర్చుకోవడానికి, పోర్టింగ్ మొదలుపెట్టడానికి ఒక బోర్డు తెచ్చుకోండి.

పాత ఎక్స్86 సర్వర్ నుంచి ఆర్మ్‌కి మారితే ఎంత సామర్థ్యం కావాలో ఎలా లెక్కేయాలి?

పాత మెషీన్ స్పెక్ రేట్ స్కోర్ 200, కొత్తది 400, పాతదాని మీద రద్దీ సమయంలో వాడకం 50 శాతం అనుకుందాం. చాలామంది 200లో సగం 100, కొత్త మెషీన్ మీద 25 శాతం అని రాసేస్తారు. పాతదానిలో కోర్‌కి రెండు థ్రెడ్లుంటే, పైన చెప్పిన లెక్క ప్రకారం 50 శాతం వాడకం అంటే అసలు సామర్థ్యంలో 80 శాతం దాకా ఉండొచ్చు. స్పెక్ రేట్ కొలిచేటప్పుడు సాధారణంగా అన్ని థ్రెడ్లనీ నింపే కొలుస్తారు. కాబట్టి వాడుతున్నది 160, కొత్త మెషీన్ మీద అది 40 శాతం. 25కీ 40కీ మధ్య తేడా అంటే మూడు సర్వర్లు చాలనుకున్న చోట ఐదు కావడం. ఈ అంచనాతో ఒక్క సర్వర్ మాత్రమే తెప్పించి, అసలు ట్రాఫిక్‌లో కొంత దాని మీదకి మళ్ళించండి. కనీసం ఒక నెలాఖరు రద్దీ చూశాక మిగతా ఆర్డర్ పెట్టండి.